ఓయిస్ట్రాఖ్: కమాను పట్టిన చేతిలో కర్ర



ఎవరి పేరిట మనం ఏటా ఇలా కూడుతున్నామో ఆ మాస్టారు జీవితమంతా పక్కవాద్యమే వాయించారు. సోలో కచేరీ చెయ్యమని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేవారు. ఆయన ఇంట్లో ఒక నల్లటి ఎల్పీ రికార్డు ఉండేది. మాస్కో వెళ్లొచ్చిన బంధువు తెచ్చి ఇచ్చింది. అట్ట మీద లిపి మాకెవరికీ చదవరాదు. బొమ్మలో లావుపాటి మనిషి, గుండ్రటి ముఖం, గడ్డం కింద ఫిడేలు. ఆదివారం పాఠం అయ్యాక ఆ రికార్డు పెట్టేవారు. మాకు అర్థమయ్యేది తక్కువే. మాస్టారు మాత్రం కళ్లు మూసుకుని కుడి మణికట్టు కదుపుతూ కూర్చునేవారు.

1974 చివర్లో ఆ లావుపాటాయన చనిపోయినట్టు పేపర్లో పడింది. పరాయి దేశంలో ఆర్కెస్ట్రాకు కండక్టర్‌గా పనిచేస్తూ పోయాడని ఉంది. మాస్టారు ఆ వార్త రెండుసార్లు చదివి, "అంత చెయ్యి ఉన్నవాడు కర్రెందుకు పట్టాడురా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఈ ఉపన్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

ఆయన పేరు దవీద్ ఓయిస్ట్రాఖ్. ప్రపంచమంతా రష్యన్ వయొలినిస్టు అంది. నిజానికి పుట్టింది నల్లసముద్రపు ఒడ్డున, నేటి ఉక్రెయిన్‌లోని ఒడెస్సాలో, 1908 సెప్టెంబరు 30న. అప్పటికి అది జారు చక్రవర్తి రాజ్యం. సోవియెట్ పాస్‌పోర్టులో జాతి గడి దగ్గర రాసేది రష్యన్ అని కాదు, యూదు అని. పరాయి దేశాల్లో చప్పట్లు కొట్టించుకునేటప్పుడు రష్యన్, సొంత దేశపు కాగితాల్లో యూదు. ఈ ముడి ఆయన జీవితం పొడుగునా ఉంది. మన దగ్గర పెట్టుకుంటే తర్వాత పనికొస్తుంది.

తండ్రి సరదాకి ఫిడేలు వాయించే సామాన్యుడు. తల్లి ఒడెస్సా ఒపేరాలో బృందగాయని. మూడున్నరేళ్లకు తండ్రి ఒక బొమ్మ ఫిడేలు కొనిచ్చాడు. అయిదేళ్లకు నిజమైనది చేతికొచ్చింది, పూర్తి వాద్యంలో ఎనిమిదో వంతు కొలతది. పిల్లల చేతి పొడుగును బట్టి అలా చిన్న ఫిడేళ్లు చేస్తారక్కడ. గురువు ప్యోత్ర్ స్తొల్యార్‌స్కీ. మొదటి గురువూ ఆయనే, చివరి గురువూ ఆయనే.

ఈ స్తొల్యార్‌స్కీ గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. గొప్ప విద్వాంసుడు కాదు, ఒపేరా ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. పిల్లల్ని మాత్రం ఇట్టే పోల్చుకునేవాడు. ఇల్లంతా పిల్లలే, గదికొకరు సాధన చేస్తుంటే తాను అటూ ఇటూ తిరుగుతూ వినేవాడట. ఇసాక్ బాబెల్ 'మేలుకోలు' అనే కథలో బాలమేధావుల కార్ఖానా నడిపే మాస్టారు ఒకడున్నాడు, ఆ పాత్రకు మూలం ఈయనే. 1933లో ఒడెస్సాలో పిల్లల సంగీత పాఠశాల తెరిచి, ఆయన బతికుండగానే ఆయన పేరు పెట్టారు. అప్పట్నుంచి ఆయన బండివాడితో కూడా "నా పేరుగల బడికి పోనియ్" అనేవాడని ఒడెస్సా వాళ్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. మనకు ముఖ్యమైంది ఇంకొకటి. ఆయన ఓయిస్ట్రాఖ్‌కు వయొలిన్‌తోపాటు వియోలా కూడా నేర్పాడు. వియోలా అంటే ఫిడేలుకు పెద్దక్క లాంటిది, గొంతు మంద్రం. ఆర్కెస్ట్రాలో రాగం పైనా కాక, అడుగున బేసూ కాక, నడిమి గొంతు పట్టేది. వియోలా వాయించినవాడికి తన వరస కన్నా ముందు పక్కవాడి వరస వినపడాలి. చిన్ననాడు పడిన ఈ అలవాటు పోలేదనే నా నమ్మకం.

1914లో, ఆరేళ్ల వయసులో, స్తొల్యార్‌స్కీ శిష్యుల కచేరీలో మొదటిసారి వేదిక ఎక్కాడు. అదే సాయంత్రం విద్య ముగించుకుని వాయించిన పెద్ద పిల్లవాడు నాథన్ మిల్‌స్టైన్. ఈ పేరు కూడా దాచుకోండి.

1926లో ఒడెస్సా సంగీత కళాశాల నుంచి బయటికొచ్చాడు. పట్టా పరీక్షకు ఎంచుకున్న వాటిలో సెర్గేయ్ ప్రొకోఫియెవ్ మొదటి వయొలిన్ కన్‌చెర్టో ఉంది. రాసి పదేళ్లు కాని కొత్త సరుకు. మరుసటేడు ప్రొకోఫియెవ్ స్వయంగా ఒడెస్సా వచ్చాడు. గౌరవార్థం విందు ఇచ్చి, అందులో పద్దెనిమిదేళ్ల ఓయిస్ట్రాఖ్ చేత ఆ కన్‌చెర్టోలోని స్కెర్ట్సో వాయించారు. వాయిస్తున్నంత సేపూ ప్రొకోఫియెవ్ ముఖం ముడుచుకుపోతూనే ఉంది. అయిపోగానే చప్పట్లు పట్టించుకోకుండా వేదిక మీదికి వచ్చి, పియానో ముందు కూర్చుని, అలా కాదు ఇలా అని అందరి ముందూ పాఠం చెప్పాడు. ఇంకొకడైతే ఆ సంగీతం మళ్లీ ముట్టడు. ఈయన జన్మంతా వాయించాడు. ప్రొకోఫియెవ్ రెండు వయొలిన్ సొనాటాలూ మొదట ఈయన చేతి మీదుగానే లోకానికి వచ్చాయి. రెండోది అసలు వేణువు కోసం రాసింది. దీన్ని ఫిడేలుకు మార్చండి అని వెంటపడి మార్పించింది ఓయిస్ట్రాఖే. ఇద్దరికీ చదరంగం పిచ్చి కూడా. 1937లో మాస్కో కళాకారుల క్లబ్బులో ఇద్దరి మధ్యా పోటీ పెట్టారు. గెలిచినవాడికి క్లబ్బు బహుమతి, ఓడినవాడు సభ్యులకు కచేరీ చెయ్యాలి. అది సభ్యుల తెలివి.

ఈలోగా మాస్కోలో స్థిరపడ్డాడు. పియానిస్టు తమారాను పెళ్లాడాడు. 1931లో కొడుకు ఇగోర్ పుట్టాడు. 1934 నుంచి మాస్కో కన్సర్వేటరీలో పాఠాలు మొదలుపెట్టి చివరిదాకా మానలేదు. ఇక పోటీలు. వాటి జాబితా చదివి మిమ్మల్ని విసిగించను, రెండు చాలు. 1935లో వార్సాలో వియెన్యావ్‌స్కీ పోటీ. ఈయనకు రెండో స్థానం. మొదటి స్థానం పదిహేనేళ్ల ఫ్రెంచి అమ్మాయి జినెట్ నెవూది. ఓడినందుకు ఏడుపు లేదు సరికదా, ఆ అమ్మాయి వాయించిన తీరు గురించి భార్యకు ఉత్తరంలో పొగుడుతూ రాశాడు. రెండోది 1937 బ్రసెల్స్, ఇజాయి పేరిట పెట్టిన పోటీ. మొదటి బహుమతి ఓయిస్ట్రాఖ్‌ది. మొదటి ఆరు స్థానాల్లో అయిదు సోవియెట్ వాళ్లవే. అందులో ఒడెస్సా పిల్లలే ఎక్కువ. మన దగ్గర క్రికెట్ కప్పు గెలిస్తే ఎలా ఉంటుందో అక్కడ అలా పండగ చేశారు. స్తొల్యార్‌స్కీ బడిలో ఆ రోజు ఎంత సందడో ఊహించుకోవచ్చు.

ఆ 1937 సంవత్సరమే ఇంకో ముఖంతో కూడా వచ్చింది. స్టాలిన్ అరెస్టులు ఉధృతంగా సాగిన ఏడు. అర్ధరాత్రి కారు ఆగేది, లిఫ్టు పైకి వచ్చేది, తలుపు తట్టేవాళ్లు, మనిషి మాయమయ్యేవాడు. గాయని గలీనా విష్నేవ్‌స్కయా తన ఆత్మకథలో ఓయిస్ట్రాఖ్ చెప్పిన సంగతి ఒకటి రాసింది. ఆయన ఉండే భవనంలో ఒక్కో ఇల్లూ ఖాళీ అయిపోయింది. ఆయన అంతస్తులో చివరికి మిగిలినవి రెండే, ఆయనదీ, ఎదురింటిదీ. భార్యాభర్తలు రాత్రుళ్లు నిద్రపోకుండా కూర్చునేవారు. ఒక రాత్రి లిఫ్టు ఆ అంతస్తులోనే ఆగింది. అడుగుల చప్పుడు. గంట మోగింది, ఎదురింట్లో. ఆ క్షణం నుంచి తనలో పోరాడే మనిషి లేడని ఆయన విష్నేవ్‌స్కయా దంపతులతో చెప్పాడట. ఇది చెప్పింది 1970 ప్రాంతంలో, విష్నేవ్‌స్కయా భర్త, చెల్లో విద్వాంసుడు రొస్త్రొపోవిచ్, రచయిత సోల్జెనిత్సిన్‌ను వెనకేసుకొచ్చి ప్రభుత్వానికి ఎదురు నిలిచినప్పుడు. బాహాటంగా నీ పక్కన నిలబడలేను, నన్ను క్షమించు అని చెప్పడానికి చెప్పిన మాట.

ఈ కథ విని ఓయిస్ట్రాఖ్‌ను పిరికివాడనేవాళ్లున్నారు. నాకా ధైర్యం లేదు. తలుపు అవతల అడుగుల చప్పుడు విననివాడు ఆ మాట అనడం సులువు. 1942లో పార్టీ సభ్యత్వం తీసుకున్నాడు. యుద్ధంలో సైనికులకీ, ఫ్యాక్టరీలకీ, ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాడ్‌లోనూ వాయించాడు. 1943లో స్టాలిన్ బహుమతి, 1953లో సోవియెట్ ప్రజా కళాకారుడు బిరుదు, 1960లో లెనిన్ బహుమతి. అడిగిన సభకల్లా వెళ్లాడు, పెట్టమన్నచోట సంతకం పెట్టాడు. బ్రూనో మోన్‌సాంజాన్ అనే ఫ్రెంచి దర్శకుడు 1994లో ఈయన మీద తీసిన డాక్యుమెంటరీ పేరు 'ప్రజా కళాకారుడు', పక్కన ఒక ప్రశ్నార్థకం. ఆ ప్రశ్నార్థకం న్యాయమైనదే. అయితే దానికి జవాబు ఆయన సంతకాల్లో కాక సంగీతంలో వెతకాలి. అందుకు ఒక్క రచన చాలు.

దిమిత్రి షొస్తకోవిచ్ మొదటి వయొలిన్ కన్‌చెర్టో 1948లో పూర్తయింది. సరిగ్గా అది పూర్తవుతున్న సమయంలోనే, ఫిబ్రవరి 10న, పార్టీ కేంద్ర కమిటీ తీర్మానం వెలువడింది. షొస్తకోవిచ్, ప్రొకోఫియెవ్ వంటివాళ్లు ప్రజలకు పట్టని 'ఫార్మలిజం' రాస్తున్నారని నింద. షొస్తకోవిచ్ ఉద్యోగాలు పోయాయి. కన్‌చెర్టో సొరుగులోకి పోయింది. ఏడేళ్లు అందులోనే ఉంది. ఎవరి కోసం రాశాడో ఆ ఓయిస్ట్రాఖ్‌కు అది అక్కడుందని తెలుసు. స్టాలిన్ పోయాక, 1955 అక్టోబరు 29న లెనిన్‌గ్రాడ్‌లో, మ్రవిన్‌స్కీ కండక్టర్‌గా, తొలిసారి వినిపించారు. రెండు నెలలకే న్యూయార్క్‌లోనూ వాయించాడు.

ఆ కన్‌చెర్టో విననివాళ్ల కోసం దాని నడక కొంచెం చెప్తాను. నాలుగు భాగాలు. మొదటిది రాత్రి సంగీతం, ఎక్కడా వెలుగు ఉండదు. రెండోది వెక్కిరింత, గెంతులు. అందులో షొస్తకోవిచ్ తన పేరు అక్షరాలను స్వరాలుగా మార్చి ఇరికించాడు, చాటుగా సంతకం పెట్టినట్టు. మూడోది పసకాలియా. అంటే అడుగున బేసు వాద్యాల్లో ఒకే వరస మళ్లీ మళ్లీ తిరుగుతుంటుంది, పల్లవి లాగా. పైన ఫిడేలు ప్రతి ఆవృత్తానికీ కొత్త దుఃఖం చెప్పుకుంటుంది. చివరికి ఆర్కెస్ట్రా ఒక్కొక్కటే తప్పుకుంటుంది, ఫిడేలు ఒంటరిగా మిగులుతుంది. ఆ ఒంటరి వాదనాన్ని కడెంజా అంటారు. మన తనియావర్తనంలాగా మిగతావాళ్లు ఆగి వింటారు. గొణుగుడుగా మొదలై, మాటగా మారి, అరుపుగా హెచ్చి, ఊపిరి తీసే సందు లేకుండా నాలుగో భాగంలోకి దూకుతుంది. అక్కడ తిరనాళ్ల గోల లాంటి నాట్యం.

షొస్తకోవిచ్ మొదట రాసినప్పుడు ఆ నాట్యం కూడా ఫిడేలుతోనే మొదలయ్యేది. ఓయిస్ట్రాఖ్ ఆయన దగ్గరికెళ్లి బతిమాలాడు. "దిమిత్రి దిమిత్రియెవిచ్, ఆ మొదలు ఆర్కెస్ట్రాకు ఇచ్చెయ్యండి, కనీసం నుదుటి చెమటన్నా తుడుచుకోనివ్వండి" అని దాని సారాంశం. షొస్తకోవిచ్ అయ్యో నాకు తట్టనేలేదు అని మార్చి రాశాడు. ఇవాళ ప్రపంచంలో అందరూ వాయించేది ఆ మార్చిన రూపమే.

ఈ సంగతి మామూలుగా సరదా కథలా చెప్తారు. నాకు ఇందులో మనిషి మొత్తం కనిపిస్తాడు. సోలో విద్వాంసుడు స్వరకర్త దగ్గరికెళ్లి అడిగేది ఏముంటుంది? నాకింకొంచెం మెరుపు పెట్టండి, నాకింకో గమకం ఇవ్వండి అంటాడు. ఈయన నా చోటు ఇంకొకరికి ఇవ్వండి అన్నాడు. కారణం చెమట కావచ్చు. ఫలితం మాత్రం సంగీతానికి మేలు. అంత ఒంటరితనం తర్వాత గుంపు ఒక్కసారిగా మీదపడితేనే ఆ నాట్యానికి భయం వస్తుంది. అక్కడితో ఆగలేదు. తొలి కచేరీకి సోవియెట్ పత్రికలు గొంతు విప్పలేదు. 1956లో ఓయిస్ట్రాఖే సోవియెట్ సంగీత పత్రికలో వ్యాసం రాసి ఆ కన్‌చెర్టో గొప్పదనం ఏమిటో విడమరిచి చెప్పాడు. పోరాడే మనిషి లేడని చెప్పుకున్నవాడు చేసిన పోరాటం అది. వీధిలోకి రాలేదు. ఎవరూ ముట్టని రచనను వేదిక మీదికి తెచ్చి, దాని వెనక నిలబడ్డాడు.

దీనికి కొసరు ఒకటుంది. 1967లో షొస్తకోవిచ్ రెండో కన్‌చెర్టో రాసి, నీ అరవయ్యో పుట్టినరోజు కానుక అని పంపాడు. ఓయిస్ట్రాఖ్‌కు అప్పటికి నిండుతున్నది యాభై తొమ్మిది. లెక్క తప్పిన సంగతి తెలిశాక, మరుసటేడు అసలైన అరవైకి ఒక సొనాటా రాసిచ్చాడు. లెక్కల్లో పొరపాటు వల్ల వయొలిన్ సాహిత్యానికి ఒక మహారచన అదనంగా వచ్చిన సందర్భం నాకు ఇంకోటి తెలియదు.

1949 దాకా ఓయిస్ట్రాఖ్‌ను యుద్ధానంతర పశ్చిమానికి పంపలేదు. హెల్సింకీతో మొదలై, ఫ్లోరెన్స్, పారిస్, లండన్, చివరికి 1955లో అమెరికా. ఆ ఏడు నవంబరు 20న కార్నెగీ హాల్లో తొలి కచేరీ. అదే హాల్లో అదే రోజు వేరే వేళల్లో మరో ఇద్దరు వాయించారు. ఒకరు మీషా ఎల్మాన్. ఇంకొకరు నాథన్ మిల్‌స్టైన్. 1914 సాయంత్రం ఒడెస్సాలో ఒకే వేదిక ఎక్కిన పిల్లలిద్దరూ నలభై ఏళ్ల తర్వాత ఒకే కప్పు కింద, ఒకే రోజు. మిల్‌స్టైన్ 1925లోనే దేశం వదిలి తిరిగిపోలేదు. ఓయిస్ట్రాఖ్ కచేరీ ముగించుకుని, డాలర్లలో అధిక భాగం ప్రభుత్వానికి అప్పజెప్పి, ఇంటికెళ్లాడు. ఎందుకు వెళ్లాడని చాలామంది అడిగారు. భార్య, కొడుకు, శిష్యులు, వాయించబోయే షొస్తకోవిచ్ రచనలు, అన్నీ అక్కడే ఉన్నాయి మరి.

పశ్చిమాన ఆయనకు ఆప్తమిత్రుడు యెహూదీ మెనుహిన్. యుద్ధం ముగిసిన ఏడే, 1945లో, మెనుహిన్ మాస్కో వెళ్లినప్పుడు స్నేహం కలిసింది. బాఖ్ రెండు వయొలిన్ల కన్‌చెర్టోను ఇద్దరూ కలిసి వాయించిన 1958 నాటి పారిస్ చిత్రం ఇవాళ ఎవరైనా చూడవచ్చు. అందులో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది చెప్పలేం. ఒకరు వదిలినచోట ఒకరు అందుకుంటారు. ఈ మెనుహినే 1952లో మన దేశం వచ్చి, మద్రాసులో పి.వి. రాజమన్నార్ గారింట్లో మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు విని ముగ్ధుడయ్యాడు. విజయనగరం సంగీత కళాశాలలో పాఠాలు చెప్పి, పక్కవాద్యమైన ఫిడేలును సోలో కచేరీగా నిలబెట్టినవారు నాయుడు గారు. ఆయన పక్కనుంచి మధ్యకు వచ్చారు. ఓయిస్ట్రాఖ్ మధ్యనుంచి పక్కకు నడిచాడు. ఇద్దరినీ విన్న మెనుహిన్‌ను చూస్తే నాకు అసూయ.

ఇప్పుడు మాస్టారి ప్రశ్నకు వద్దాం. కర్ర ఎందుకు పట్టాడు?

మన కచేరీలో కండక్టర్ లేడు. తాళం అందరి చేతుల్లోనూ ఉంటుంది, గాయకుడి తొడ మీద కనిపిస్తుంది. పడమటి ఆర్కెస్ట్రాలో కూడా మొదట్లో కర్ర లేదు. మొదటి ఫిడేలు వాయించేవాడే కమాను ఊపి ఎత్తుగడ చూపించేవాడు. వాద్యాలు పెరిగి, రచనలు చిక్కుపడ్డాక పంతొమ్మిదో శతాబ్దంలో కర్ర వచ్చింది, దాంతో అధికారమూ వచ్చింది. కాబట్టి ఫిడేలు మనిషి కండక్టర్ అయితే వింతేం లేదు. ఆర్కెస్ట్రాలో సగానికి పైగా తీగ వాద్యాలే. కమాను పైకి లాగాలా, కిందికి లాగాలా, తీగ మీద ఎక్కడ ఆనించాలి అన్నది కర్రతో చెప్పనక్కర్లేకుండా చేతితో చూపగలడు. పియానిస్టు కండక్టర్లకు ఆ సదుపాయం లేదు.

1960ల ఆరంభంలో ఓయిస్ట్రాఖ్ ఆ పీఠం ఎక్కాడు. 1964లో గుండెపోటు వచ్చింది. డాక్టర్లు తగ్గించుకోమన్నారు, ఆయన పెంచాడు. ఫిడేలు మానేసి కర్ర పట్టలేదు, రెండూ పెట్టుకున్నాడు. పైగా పాఠాలు, చైకోవ్‌స్కీ పోటీల్లో వయొలిన్ న్యాయనిర్ణేతల అధ్యక్షత. 1958లో మొదటి బహుమతి వలేరి క్లీమవ్‌ది, 1970లో గిదోన్ క్రేమర్‌ది. ఇద్దరూ ఈయన శిష్యులే. ఈ రోజుల్లో అయితే మాటొచ్చేది. వాళ్లిద్దరి వాదనం వింటే ఆ మాట నిలవదనుకోండి.

కండక్టర్‌గా ఆయన ఎలాంటివాడు? నిజం చెప్పాలి. ఫిడేలులో ఆయన ఉన్న మెట్టు మీద కండక్టర్‌గా లేడు. బ్రామ్స్, షూబర్ట్, చైకోవ్‌స్కీ సింఫనీలు నిర్వహించాడు. 1967లో మాలర్ నాలుగో సింఫనీ మాస్కోలో చేశాడు, అందులో పాడింది విష్నేవ్‌స్కయానే. రికార్డు ఉంది. తీగల పాట అందంగా పారుతుంది, తొందర ఉండదు. కానీ మ్రవిన్‌స్కీ లాగా ఆర్కెస్ట్రాను పిడికిట్లో బిగించి వంద గొంతుల్ని ఒక్క గొంతు చేసే శక్తి కనపడదు. వాద్యగాళ్లను భయపెట్టడం ఆయనకు చేతకాలేదు. భయమంటే ఏమిటో తెలిసినవాడు ఇంకొకర్ని భయపెట్టలేకపోయాడేమో. ఇది నా ఊహ.

ఆయన కర్రకు అర్థం తెలియాలంటే సింఫనీలు పక్కన పెట్టి, ఆయన ఎవరి కోసం కర్ర పట్టాడో చూడాలి. కొడుకు ఇగోర్ సోలో వాయిస్తుంటే తండ్రి ఆర్కెస్ట్రా నడిపిన కచేరీలు, రికార్డులు ఎన్నో. శిష్యుడు ఓలేగ్ కగాన్ చేత మోత్సార్ట్ కన్‌చెర్టోలు అయిదూ రికార్డు చేయించి, ఆర్కెస్ట్రా తాను పట్టాడు. అవే కన్‌చెర్టోలు బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో తానూ వాయించాడు, నిర్వహించాడు, 1970కీ 1972కీ మధ్య. మోత్సార్ట్‌దే వయొలిన్, వియోలా జంట రచన ఒకటుంది. తండ్రీకొడుకులు దాన్ని వాయించేటప్పుడు వయొలిన్ ఇగోర్‌కు ఇచ్చి, తాను వియోలా తీసుకునేవాడు. కాలం చూడండి. తండ్రి లోకంలోకెల్లా గొప్ప వయొలినిస్టులలో ఒకడని పేరు, చేతిలో 1705 నాటి స్ట్రాడివారి. దాన్ని పక్కన పెట్టి, స్తొల్యార్‌స్కీ చిన్నప్పుడు నేర్పిన నడిమి గొంతు పట్టుకున్నాడు. ఆ కగాన్ రికార్డులో ఆర్కెస్ట్రా ఎత్తుగడ అయి ఫిడేలు ప్రవేశించే చోటు వినండి. నేలంతా చదును చేసి, ఇక నువ్వు రావచ్చు అన్నట్టు ఆర్కెస్ట్రా ఒక అడుగు వెనక్కి వేస్తుంది. అది కండక్టర్ల విద్య కాదు. జీవితమంతా ఆ ప్రవేశం దగ్గర తాను నిలబడ్డవాడి విద్య.

దీనికి ఎదురు ఉదాహరణ 1969 సెప్టెంబరులో బెర్లిన్‌లో జరిగింది. బేట్‌హోవెన్ త్రివాద్య కన్‌చెర్టో. పియానో రిఖ్తర్, వయొలిన్ ఓయిస్ట్రాఖ్, చెల్లో రొస్త్రొపోవిచ్, కండక్టర్ హెర్బర్ట్ ఫన్ కారాయాన్. అట్ట మీద నలుగురు మహామహుల ఫొటో. అమ్మకాలు దండిగా జరిగాయి. రిఖ్తర్‌కు ఆ రికార్డు అసహ్యం. ఇంకోసారి వాయిద్దామని అడిగితే, కారాయాన్ టైం లేదు, ఫొటోలు తీసుకోవాలి అన్నాడని తర్వాత చెప్పాడు. ఆ గొడవలో ఓయిస్ట్రాఖ్ రిఖ్తర్ వైపే ఉన్నాడట, కానీ గొంతు పెంచలేదు. రికార్డు వింటే మాత్రం ఆయన ఎక్కడున్నాడో తెలుస్తుంది. ముగ్గురు సోలో వాద్యగాళ్లలో వెనక్కి తగ్గి, మిగతా ఇద్దరూ ఏం చేస్తున్నారో వింటున్నవాడు ఆయనొక్కడే.

కర్ర పట్టడం పదోన్నతి అని మాస్టారు భయపడ్డారనుకుంటాను. పెద్ద విద్వాంసుడు ఇంకా పెద్ద పీఠం కోసం చేతి విద్య వదిలేశాడని. అది కాదు మాస్టారూ. ఆయన మీ బాటే పట్టాడు. కండక్టర్ చేతిలోది ఒక్కటే వాద్యం, దానికి శబ్దం లేదు. కచేరీలో ఒక్క స్వరం కూడా సొంతంగా పలికించని మనిషి అతనొక్కడే. పక్కవాద్యానికి అంతకన్నా పరమావధి ఏముంది?

ఇదే చోట ఆ 1937 రాత్రిని కూడా మర్చిపోకూడదు. ఇంకొకరి గొంతుకు చోటివ్వడం సద్గుణమే. కానీ తన గొంతుతో మాట్లాడటం ప్రమాదమైన దేశంలో అది ఆత్మరక్షణ కూడా. ఆయన వినయంలో ఎంత పాలు స్వభావం, ఎంత పాలు లిఫ్టు చప్పుడు అని వేరు చెయ్యబోతే నా చేతికి రాలేదు. ఆయనకు తెలుసో లేదో.

అయినా ఒక రోజు సంగతి చెప్పాలి. 1953 మార్చి 5న స్టాలిన్ చనిపోయాడు. అదే రోజు ప్రొకోఫియెవ్ కూడా చనిపోయాడు. మాస్కోలో పువ్వులన్నీ ఒక శవం దగ్గరికే పోయాయి. ప్రొకోఫియెవ్ అంత్యక్రియలకు వచ్చిన కొద్దిమందిలో ఓయిస్ట్రాఖ్ ఉన్నాడు, ఫిడేలు తెచ్చాడు. సమూయిల్ ఫైన్‌బెర్గ్ పియానోతో, ఎఫ్ మైనర్ సొనాటాలోని మొదటి, మూడో భాగాలు వాయించాడు. ఆ మొదటి భాగం చివర ఫిడేలు మీద సన్నగా, వేగంగా పైకీ కిందికీ పారే స్వరాలుంటాయి. శ్మశానంలో గాలిలా ఉండాలని ప్రొకోఫియెవే ఆయనకు చెప్పాడు, ఆ సొనాటా అభ్యాసం చేస్తున్న రోజుల్లో. ఆ రోజు దేశమంతా దేనికి ఏడవాలో ఆదేశాలున్నాయి. ఓయిస్ట్రాఖ్ తాను వాయించాల్సింది ఎక్కడో అక్కడ వాయించాడు.

చివరి నెలలకు వస్తాను. 1974 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో బ్రామ్స్ కచేరీల వరస ఒప్పుకున్నాడు. కర్ర పట్టడమే కాక వాయించడం కూడా. పదేళ్ల కిందట పోటు తిన్న గుండె, బరువైన ఒళ్లు, విమానాలు, హోటళ్లు. అక్టోబరు 24న హోటల్ గదిలో గుండె ఆగిపోయింది. వయసు అరవై ఆరు. మాస్కో నొవొదేవిచీ శ్మశానంలో సమాధి. షొస్తకోవిచ్ తర్వాత పది నెలలే బతికాడు, ఆయన సమాధీ అక్కడే. ప్రొకోఫియెవ్‌దీ అక్కడే.

నా ఉపన్యాసం అయిపోయింది. నిర్వాహకులు ఒక్క పావుగంట ఎక్కువ ఇచ్చారు, దాన్ని నేను తినెయ్యను. మాస్టారి అబ్బాయి ఆ పాత రికార్డు తెచ్చాడు. అట్ట మీది రష్యన్ లిపిని ఇన్నేళ్లకు చదివించుకున్నాం. అది షొస్తకోవిచ్ మొదటి కన్‌చెర్టోనే. గీతలు పడ్డాయి, అక్కడక్కడా చిటపటలాడుతుంది. కడెంజా మొదలు నుంచి పెడతారు. కుర్చీలు కదపకండి. నాట్యం మొదలైనప్పుడు ఫిడేలు కాసేపు వినపడదు. అప్పుడాయన చెమట తుడుచుకుంటున్నాడు.